కరెంటు తీగ మోయలేని పాఠం

పెద్ద సబ్‌స్టేషన్ పక్కగా వెళ్లేటప్పుడు తలెత్తి చూస్తే, హైటెన్షన్ లైను లోపలికి దిగే చోట పీపా ఆకారంలో ఒక లావుపాటి తీగచుట్ట వేలాడుతూ కనిపిస్తుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. 50 హెర్ట్జ్‌ల కరెంటును పోనిచ్చి, అదే తీగ మీద వచ్చే మాటల తరంగాలను మాత్రం అక్కడే నిలిపేస్తుంది. పక్కనున్న కపాసిటర్ వాటిని పట్టి కంట్రోల్ రూములోని ఫోనుకు అందిస్తుంది. ఇంటి టెలిఫోను కోసం జనం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డ రోజుల్లో విద్యుత్ బోర్డు ఆపరేటర్లు ఈ క్యారియర్ ఫోన్ల మీదే ఊరికీ ఊరికీ మాట్లాడుకునేవారు. కరెంటు తీగ మీద కబురు పంపడం అంత పాత విద్య.

దాన్ని ఇంటింటి ఇంటర్నెట్‌గా మార్చాలన్న ఆశ 1997లో బ్రిటన్‌లో గట్టిపడింది. నార్‌వెబ్ అనే విద్యుత్ సంస్థ, టెలికాం పరికరాల కంపెనీ నార్టెల్ కలిసి మాంచెస్టర్‌లో ప్రయోగం చేశాయి. ఫోను లేని ఇల్లు ఉండవచ్చు గాని కరెంటు లేని ఇల్లు అరుదు కదా అన్నది వాదన. వినడానికి ఎదురులేని మాట. చిక్కంతా తీగలోనే ఉంది. కరెంటు తీగకు టీవీ కేబుల్‌కున్నట్టు పైన లోహపు తొడుగు ఉండదు. ఇంటర్నెట్‌కు కావలసిన మెగాహెర్ట్జ్ (సెకనుకు లక్షల సార్లు ఊగే) సంకేతాలు ఎక్కించగానే అది ఏరియల్ అయిపోతుంది. మాంచెస్టర్‌లో వీధిదీపాల స్తంభాలు సైతం రేడియో తరంగాలు వెదజల్లాయన్నారు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ ఆ సంకేతాన్ని సరిగా దాటనివ్వదు, పక్కింటి మిక్సీ మోటారు రొద దానికి తోడు. 1999లో నార్టెల్ తప్పుకుంది.

అయినా అమెరికా ఆగలేదు. 2004లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కరెంటు తీగ ఇంటర్నెట్‌కు నిబంధనలు తెచ్చింది. మరుసటి ఏడాది వర్జీనియాలోని మనాసస్ పట్టణం ఊరంతటికీ ఈ సేవ మొదలుపెట్టింది. షార్ట్‌వేవ్‌లో గోల పెరిగిందంటూ సరదాగా సొంత రేడియో సెట్ల మీద మాట్లాడుకునే హామ్‌ల సంఘం కోర్టుకెక్కింది. కమిషన్ కొన్ని అధ్యయనాల భాగాలను దాచిపెట్టిందని 2008లో కోర్టు తప్పుపట్టింది. ఈలోపు ఫోను తీగ, కేబుల్ వేగం పెంచుకున్నాయి. 2010లో మనాసస్ కూడా ఆపేసింది. నా దృష్టిలో హామ్‌ల కేసు కంటే ఈ పోటీయే అసలు దెబ్బ.

ఇంటి దగ్గరి విద్యార్థికి పాఠం చేర్చాల్సిన విశ్వవిద్యాలయాలు మాత్రం ఈ తీగ కోసం కాచుకుని కూర్చోలేదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ, దేశంలో ఆ తరహాలో మొదటిది. అచ్చు పుస్తకం, అధ్యయన కేంద్రం, రేడియో పాఠం దాని ఆయుధాలు. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి చదువు కోసమే చేసిన ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. ఉపగ్రహం వల్ల పాఠం తరగతి గది దాకా వచ్చింది గాని విద్యార్థి ఇంటికి రాలేదు. పూర్తి ఆన్‌లైన్ డిగ్రీలకు యూజీసీ ప్రత్యేక నిబంధనలు ఇచ్చింది 2018లో.

అంతకు ముందు ఏడాదే, 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. చిత్రమేమంటే ఇక్కడ గెలిచింది తీగ కాదు, స్తంభం. దాదాపు 24 వేల కిలోమీటర్ల ఆప్టికల్ కేబుల్‌ను గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాలకే వేలాడదీశారు. గాజుపోగులో వెలుతురు రూపంలో వెళ్లే సంకేతానికి పక్క తీగలోని కరెంటుతో పేచీ లేదు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. అయితే గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ రెండూ పోతాయి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే అక్కడి ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టి-ఫైబర్ కేబుల్ వేశారు.

2020లో కళాశాలలు మూతపడే నాటికి ఈ కేబుల్ చాలా ఇళ్ల గడప దాటలేదు. పాఠాలు సెల్‌ఫోన్లలోనే నడిచాయి. సిగ్నల్ కోసం పిల్లలు డాబాలూ గుట్టలూ ఎక్కారు.