రాగి పిడి, వెండి పూత గొట్టం: సూక్ష్మజీవులను చంపే పదార్థాల వెనుక కథ

ఆస్పత్రిలో చేరేనాటికి లేని ఇన్ఫెక్షన్ అక్కడ ఉండగా సోకడం అరుదైన సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆస్పత్రుల్లో చేరి చికిత్స పొందే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురు, అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో 15 మంది కనీసం ఒక్క ఇన్ఫెక్షన్ బారినైనా పడుతున్నారు. మంచం కమ్మీలు, కాథెటర్లు (శరీరంలోకి చొప్పించే సన్నని గొట్టాలు), కుట్టుదారాలు తమంతట తామే సూక్ష్మజీవులను చంపగలిగితే ఎంతో మేలు కదా అన్న ఆలోచన అందుకే ఇంతగా ఆకర్షిస్తోంది. అయితే సూక్ష్మజీవి చచ్చినంత మాత్రాన రోగికి ఇన్ఫెక్షన్ తప్పినట్టేనా అన్న ప్రశ్న ఈ ప్రయత్నాలను మొదటినుంచీ వెంటాడుతూనే ఉంది.

అందరికంటే ముందు గమనింపునకు వచ్చినది రాగి. పారిస్‌లో 1832, 1849 సంవత్సరాల్లో కలరా విజృంభించినప్పుడు రాగి పనివారు అంతగా దాని పాలబడలేదని ఫ్రెంచి వైద్యుడు విక్టర్ బుర్క్ 1850ల్లో గుర్తించాడు. అత్యల్ప పరిమాణంలో ఉన్న లోహం సైతం నీటిలోని నాచు కణాలను చంపగలదని స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి గమనించగా, ఆ ఫలితాలు ఆయన మరణానంతరం 1893లో వెలువడ్డాయి. ఇంత తెలిసినా, ఇరవయ్యో శతాబ్దపు ఆస్పత్రులు మెరుపు, మన్నిక, సులువుగా తుడిచే వీలు చూసి స్టెయిన్‌లెస్ స్టీల్ వైపే మొగ్గాయి. చూపుకు శుభ్రంగా కనిపించేదే శుభ్రమైనదనుకున్నారు. 1983లో అమెరికాకు చెందిన ఫిల్లిస్ కూన్ ఆస్పత్రి తలుపు పిడుల నుంచి నమూనాలు తీయించినప్పుడు, రాగి మిశ్రమమైన ఇత్తడి పిడులపై బ్యాక్టీరియా చాలా తక్కువగానూ, స్టీలు పిడులపై విస్తారంగానూ కనిపించడం ఈ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2008లో రాగి మిశ్రమ లోహాలను నమోదు చేసి, క్రమం తప్పకుండా శుభ్రం చేస్తూ ఉంటే అవి కొన్ని బ్యాక్టీరియాలను రెండు గంటల్లో 99.9 శాతం మేరకు చంపుతాయని ప్రకటించుకునేందుకు అనుమతించింది. ‘క్రమం తప్పకుండా శుభ్రం చేస్తూ ఉంటే’ అన్న షరతును ప్రకటనలు చదివేవారు తేలిగ్గా మరిచిపోతారు. నా దృష్టిలో అసలు విషయం అందులోనే ఉంది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో మూడు అమెరికన్ ఆస్పత్రుల ఐసీయూ గదుల్లో మంచం కమ్మీలు, సెలైన్ స్టాండ్లు వంటి వస్తువులకు రాగి పూత వేయగా, ఇన్ఫెక్షన్లు 8.1 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గినట్టు తేలింది. ఆశ కలిగించే ఫలితమే అయినా, అందులో పాల్గొన్న రోగులు 614 మందే. పైగా రాగి రంగు కంటికి కనబడుతుంది గనుక ఏ గదిలో ఏముందో సిబ్బందికి తెలియకుండా దాచడం సాధ్యం కాదు.

శరీరం లోపలికి వెళ్లే వస్తువుల సంగతి ఇంతకంటే చిక్కైనది. గొట్టం లేదా కృత్రిమ కీలు ఒంట్లో చేరిన వెంటనే ప్రోటీన్లు దానిపై పేరుకుంటాయి. వాటిని అంటిపెట్టుకున్న బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు పొరను, అంటే బయోఫిల్మ్‌ను, అల్లుకుంటే యాంటీబయాటిక్‌లు వాటిని చంపడం ఎంతో కష్టమవుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు బుచోల్జ్, ఆయన సహచరుడు ఎంగెల్‌బ్రెక్ట్ 1970లో కృత్రిమ కీలును ఎముకకు అతికించే సిమెంటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కలపడం గురించి ప్రచురించారు. మందు నెమ్మదిగా అక్కడికక్కడే విడుదలయ్యే ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

వెండి అంత నిలకడైన ఫలితం ఇవ్వలేదు. వెండి మిశ్రమ పూత ఉన్న మూత్ర కాథెటర్లను బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా రోగులపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించినప్పుడు, లక్షణాలతో కూడిన మూత్రకోశ ఇన్ఫెక్షన్ మామూలు కాథెటర్‌తో 12.6 శాతం మందికి, వెండి పూతతో 12.5 శాతం మందికి వచ్చినట్టు తేలింది. ప్రయోగశాల పాత్రలో అంత చురుగ్గా పనిచేసిన వెండి అయాన్లు శరీర ద్రవాల్లోని క్లోరైడ్‌తో, ప్రోటీన్లతో కలిసిపోయి శక్తిని కోల్పోగలవు. ఇంకొక ప్రమాదం 1975లోనే బయటపడింది. అమెరికాలో కాలిన గాయాలకు చికిత్స చేసే ఒక విభాగంలో వెండి నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా బ్యాక్టీరియా వ్యాపించి ముగ్గురు రోగులు మరణించారు.

కుట్టుదారాల కథ ఇంకా పాతది. బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ 1860ల చివర్లోనే సూక్ష్మజీవులను చంపే కార్బాలిక్ ఆమ్లంలో నానబెట్టిన క్యాట్‌గట్ (జంతువుల పేగులతో చేసిన) దారాన్ని వాడాడు. దానికి నేటి వారసుడనదగిన, ట్రైక్లోసాన్ అనే సూక్ష్మజీవనాశక రసాయనం పూసిన దారాన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో షరతులతో సూచించింది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, దీర్ఘకాల వాడకానికి భద్రత, ప్రయోజనం రుజువు కాలేదంటూ ఇళ్లలో వాడే సబ్బుల నుంచి అదే ట్రైక్లోసాన్‌ను తొలగించమంది. 2021లో ఏడు దేశాల్లో 5,788 మంది రోగులతో జరిగిన ప్రయోగ ఫలితాలు వెలువడినప్పుడు, పొత్తికడుపు శస్త్రచికిత్స గాయాల ఇన్ఫెక్షన్‌లో పూత దారానికీ మామూలు దారానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇప్పుడు చంపడం కంటే అంటుకోనివ్వకపోవడం మీద దృష్టి పెరుగుతోంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథోనీ బ్రెన్నన్ సొర చేప చర్మంపై ఉండే సూక్ష్మ గీతలను అనుకరించి రూపొందించిన ఉపరితలంలో ఏ మందూ ఉండదు. బ్యాక్టీరియా దానిపై స్థిరపడలేకపోవడమే దాని పని. మందు లేదు గనుక దానికి అలవాటుపడి నిరోధకత పెంచుకునే అవకాశం తక్కువ. అయినా ఆ గీతలు రక్తం, ప్రోటీన్ల పొర కింద కప్పబడిపోయాక ఎంతకాలం పనిచేస్తాయన్నది రాగి, వెండి, ట్రైక్లోసాన్‌ల మాదిరిగానే రోగి మంచం దగ్గరే పరీక్షించవలసి ఉంటుంది.