సంభావ్యత సాధన: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సంభావ్యత లెక్కల్లో మార్కులు పోయేది భాగహారం దగ్గర కాదు. అనుకూల పర్యవసానాల (మనకు కావలసిన ఫలితాల) సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించడం ఎవరికైనా వచ్చు. ఆ రెండు సంఖ్యలూ ఎక్కడి నుంచి తెచ్చారన్న దగ్గరే పేచీ. అందుకే పేపరు దిద్దేటప్పుడు జవాబు కంటే ముందు నా కన్ను రఫ్ వర్క్ మీదికి పోతుంది. అక్కడ పర్యవసానాల జాబితా ఉందా లేదా? చాలామంది సూత్రం రాసేసి, జాబితాను మనసులోనే ఊహించుకుంటారు.

అపోహ: అయితే అవుతుంది, లేకపోతే లేదు. కాబట్టి చెరి సగం.

వాస్తవం: పర్యవసానాలన్నీ సమసంభవాలైతేనే, అంటే ఒక్కోటి జరిగే అవకాశం సమానమైతేనే, ఆ భాగహారానికి అర్థం ఉంటుంది. ఇందులో పెద్దవాళ్ళే బోల్తాపడ్డారు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో ఫ్రెంచి గణితజ్ఞుడు డాలంబేర్ రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే కదా అని ఆయన వాదన. కాబట్టి బొమ్మ, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు అని మూడే రకాలన్నాడు. రకాలు మూడే, నిజమే. కానీ మొదటి దాని వాటా 1/2, మిగతా రెండింటివీ చెరో 1/4. సరైన జవాబు 3/4.

రెండు పాచికల లెక్కలోనూ ఇదే చిక్కు. మొత్తం 11 రావడం, 12 రావడం ఒకేలా జరుగుతాయని జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిజ్ అంతటివాడు అనుకున్నాడు. ఒక పాచిక ఎర్రది, ఇంకొకటి నీలం అనుకుని 36 గడుల పట్టిక గీయండి. ఎరుపు 5, నీలం 6 ఒక గడి. ఎరుపు 6, నీలం 5 ఇంకో గడి. అంటే 11కి 2/36. మరి 6, 6ని రెండుసార్లు ఎందుకు రాయకూడదు సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. ఎరుపు 6 వరుస, నీలం 6 నిలువు వరుస కలిసేది ఒక్క గడిలోనే. అందుకే 12కి 1/36. పాచికలు రెండూ ఒకే రంగువైనా ఈ లెక్క మారదు.

అపోహ: వరుసగా బొమ్మే పడుతోందంటే ఇక బొరుసు పడి తీరాలి.

వాస్తవం: నాణేనికి జ్ఞాపకం ఉండదు. 1913లో మాంటీకార్లో జూదశాలలో రూలెట్ అనే ఎరుపు, నలుపు గళ్ళ చక్రం మీద బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఈసారైనా ఎరుపు రాకపోతుందా అని పందెం పెంచుకుంటూ పోయినవాళ్ళు నిండా మునిగారు. దీర్ఘకాలంలో సగానికి దగ్గరవుతుంది కదా అంటారా? అవుతుంది, కానీ బాకీ తీర్చి కాదు. మొదటి 10 సార్లూ బొమ్మే పడిందనుకోండి. తర్వాతి 1000లో మనం ఆశించేది 500 బొమ్మలే. మొత్తం 1010లో 510, అంటే దాదాపు 50.5 శాతం. మొదట వచ్చిన 10 ఎక్కడికీ పోలేదు, పెద్ద సంఖ్యలో పలచబడింది, అంతే.

అపోహ: ఒకసారి వేస్తే 6 పడే సంభావ్యత 1/6, కాబట్టి నాలుగుసార్లు వేస్తే 4/6.

వాస్తవం: ఆ లెక్కన ఏడుసార్లు వేస్తే 7/6 వస్తుంది. సంభావ్యత 1 దాటిందంటే ఎక్కడో తప్పు చేసినట్టే. 'కనీసం ఒకటి' అని కనిపించగానే పూరక ఘటన వైపు, అంటే అది ఒక్కసారీ జరగకపోవడం వైపు వెళ్ళండి. నాలుగుసార్లలో ఒక్కసారీ 6 పడకపోవడం 5/6 నాలుగో ఘాతం, అంటే 625/1296. మిగిలింది 671/1296, దాదాపు 51.8 శాతం. 1654లో ఫ్రెంచి గణితజ్ఞుడు పాస్కల్ తోటి గణితజ్ఞుడు ఫెర్మాకు రాసిన ఉత్తరంలో ఉన్నది ఈ లెక్కే. ఒక పాచికకు 6 ముఖాలుంటే, 6 పడే అవకాశం సగం దాటడానికి 4 సార్లు చాలినప్పుడు, రెండు పాచికల 36 జతలకు 24 సార్లు చాలాలి కదా అన్నది జూదం లెక్కల మీద ఆసక్తి ఉన్న ఫ్రెంచి పెద్దమనిషి ద మేరే పట్టిన పేచీ. నిష్పత్తి సరిపోయింది గానీ, 24 సార్లలో ఒక్కసారైనా జంట ఆరు పడే అవకాశం 49.1 శాతమే.

అపోహ: పరస్పర వర్జిత ఘటనలంటే స్వతంత్ర ఘటనలే.

వాస్తవం: దాదాపు తలకిందులు. పరస్పర వర్జితాలంటే రెండూ ఒకేసారి జరగలేనివి. స్వతంత్రాలంటే ఒకటి జరిగిందని తెలిసినా రెండోదాని సంభావ్యత మారనివి. పాచిక మీద సరి సంఖ్య పడిందని తెలిస్తే బేసి పడలేదని ఖాయంగా తెలిసిపోతుంది. ఇక స్వతంత్రత ఎక్కడిది? పోల్చి చూడాలంటే 'సరి సంఖ్య', '2 లేదా అంతకంటే తక్కువ' తీసుకోండి. మొదటిది 1/2, రెండోది 1/3. రెండూ కలిసి జరగాలంటే 2 ఒక్కటే పడాలి, అంటే 1/6. గుణిస్తే వచ్చేదీ అదే కాబట్టి ఇవి స్వతంత్రాలు. ఇప్పుడు రెండో ఘటనను '3 లేదా అంతకంటే తక్కువ' అని మార్చి మళ్ళీ చేయండి. గుణిస్తే 1/4, జాబితాలో మాత్రం 1/6. అంటే ఇవి స్వతంత్రాలు కావు.