ముసురు ఆకాశానికి ఉండే లెక్క

కంప్యూటర్ తెరమీద విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సూర్యాస్తమయం చూసి అందరూ మురిసిపోతారు. దాని అసలు పనితనం తెలిసేది మాత్రం మబ్బు కమ్మిన రోజునే అని నా నమ్మకం. ఎర్రటి వెలుగు, పొడవాటి నీడలు లేనప్పుడు మిగిలేది బూడిద రంగు ఒక్కటే. అందులోని తేడాలు కుదరకపోతే ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

ముసురు ఆకాశం అంతటా ఒకేలా ఉంటుందనుకుంటాం. ఉండదు. దట్టంగా మబ్బు పట్టినప్పుడు నడినెత్తిన ఉండే వెలుగు, దిగంతం దగ్గర ఉండేదానికి దాదాపు మూడు రెట్లని 1942లో మూన్, స్పెన్సర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం ఇచ్చారు. తేటగా ఉన్న రోజున సూర్యుడికి దూరంగా చూస్తే పరిస్థితి తిరగబడుతుంది: దిగంతం వైపే తెల్లగా, నడినెత్తిన ముదురు నీలంగా ఉంటుంది. అందుకే మామూలు ఆకాశాన్ని కాస్త నలుపు చేసి ముసురు అనిపించాలని చూస్తే కన్ను ఒప్పుకోదు.

మబ్బులో కాంతి ఒక నీటి బిందువు నుంచి ఇంకో బిందువుకు తగులుతూ ఎన్నోసార్లు దారి మళ్లుతుంది. సిమ్యులేటర్ సెకనుకు 60 చిత్రాలు గీయాలంటే ఒక్కో చిత్రానికి దొరికేది 17 మిల్లీసెకన్ల లోపే. అంత లెక్క అప్పటికప్పుడు కుదరదు కాబట్టి కొంత ముందే చేసి పట్టికల్లో దాచుకుంటారు, కొంత ఉజ్జాయింపుతో సరిపెడతారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మసక. దూరపు కొండ నుంచి వచ్చే కాంతి దారిలో తగ్గిపోతుంది. అదే సమయంలో గాలిలోని దుమ్ము, తేమ కణాలు పగటి వెలుగును మన కంటివైపు మళ్లిస్తాయి. ఈ రెండూ కలిసి కొండను చెరిపేస్తాయి. దీని లెక్కను 1924లో జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త కోష్మీడర్ తేల్చాడు. విజిబిలిటీ, అంటే ఎంత దూరం కనబడుతుందో చెప్పే కొలత, 10 కిలోమీటర్లంటే అంతవరకూ స్పష్టంగా కనబడుతుందని కాదు. 5 కిలోమీటర్ల దగ్గరే నల్లటి కొండకూ ఆకాశానికీ మధ్య తేడా 14 శాతానికి పడిపోతుంది, పదో కిలోమీటరుకు 2 శాతమే మిగులుతుంది.

విజిబిలిటీ అనే ఈ ఒక్క అంకెతో ఆగిపోతే పైలట్‌కు నష్టమే. మసక ఎక్కువగా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పైనుంచి నిటారుగా చూసినప్పుడు చూపు ఆ పొరను కొద్దిదూరంలోనే దాటుతుంది, వాలుగా చూస్తే చాలా దూరం అందులోనే సాగాలి. మసక దిగంతాన్ని కూడా మింగేస్తుంది. 1999 జూలైలో అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ విమానం రాత్రిపూట సముద్రంలో కూలింది. పైలట్‌గా ఆయన దిశాజ్ఞానం కోల్పోవడం అందుకు కారణమని, చీకటి, మసక తోడయ్యాయని దర్యాప్తు తేల్చింది.

ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఫ్లైట్‌గేర్‌లో నేల దగ్గరి విజిబిలిటీని, పైనుండే విజిబిలిటీని వేర్వేరుగా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది. కింద 4 కిలోమీటర్లు, పైన 30 కిలోమీటర్లు ఉండే వాతావరణం పెట్టి, 5,000 అడుగుల ఎత్తున రన్‌వే మీదుగా ఎగిరి చూడండి. కింద రన్‌వే గీతలతో సహా కనిపిస్తుంది. ఒక చుట్టు తిరిగి దిగడం మొదలుపెట్టగానే అదే రన్‌వే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.