బార్న్ టు బి వైల్డ్: తెగింపు పాట వెనక అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో గిటార్ నేర్పుతుంటాను. చేరిన నెలకే "సార్, ఆ బైకు పాట నేర్పరా?" అని కుర్రాళ్లు అడిగేది స్టెపెన్‌వుల్ఫ్ అనే రాక్ బ్యాండ్ 'బార్న్ టు బి వైల్డ్' గురించే. మైపాడు రోడ్డులో బండి మీద దూసుకెళ్లే వీడియోలకి ఈ పాట పెట్టుకుంటారు. నాకూ ఇది ప్రాణం. అందుకే దీని గురించి తప్పుగా చెప్పుకుంటుంటే ఊరుకోలేను.

అపోహ: బైకుల మీద తిరిగే బ్యాండ్ వాళ్లు తమ కథే రాసుకున్నారు.

వాస్తవం: రాసింది బ్యాండ్‌లో లేని మనిషి. కెనడాకి చెందిన మార్స్ బాన్‌ఫైర్, ఆ బ్యాండ్ డ్రమ్మర్ జెర్రీ ఎడ్మంటన్‌కి అన్న. హాలీవుడ్‌లో నడుస్తుంటే, నేలను చీల్చుకుని పైకి లేస్తున్న మోటార్‌సైకిల్ పోస్టర్ ఒకటి ఆయన కంటపడి, ఈ పాట ఆలోచన వచ్చింది. అప్పటికి ఆయన కొనుక్కున్నది మాత్రం బైకు కాదు, సెకండ్‌హ్యాండ్ ఫోర్డ్ ఫాల్కన్ కారు. అదే ఆయన మొదటి కారు. నాన్న పాత బండి చేతికొచ్చిన రోజు పెన్నా వంతెన దాటి ఒంటరిగా వెళ్లిన కుర్రాడికి ఎలా ఉంటుందో, ఈ పాటలో ఉన్నది ఆ సంతోషమే. ముందు దీన్ని నెమ్మదిగా సాగే పాటగా రాసుకున్నాడు. బ్యాండ్ చేతిలో పడ్డాకే వేగం వచ్చింది.

అపోహ: బ్యాండ్ గాయకుడు జాన్ కే పెట్టుకునే నల్ల కళ్లద్దాలు స్టైల్ కోసం.

వాస్తవం: పుట్టుకతో వచ్చిన కంటి సమస్య వల్ల ఆయనకి చూపు చాలా తక్కువ, వెలుగు భరించలేడు. ఈ సంగతి తెలిశాక ఆ గొంతు నాకు వేరేగా వినిపించింది.

అపోహ: 'ఈజీ రైడర్' సినిమా కోసం చేశారు.

వాస్తవం: పాట 1968లోనే వచ్చి అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది. సినిమా 1969లో వచ్చింది. అందులో ఆ ఇద్దరు రైడర్లకీ చివర్లో ఏమవుతుందో వీడియోలు చేసే పిల్లలు ఒకసారి చూడాలి.

అపోహ: 'హెవీ మెటల్' అనే మాట ఉంది కాబట్టి అది ఆ రాక్ సంగీత శైలి పేరే.

వాస్తవం: ఈ పాటలో ఆ మాట ఉరుము పక్కన వస్తుంది. చెప్పేది రోడ్డు మీద ఇంజన్ల మోత గురించి. ఆ సంగీత శైలికి ఆ పేరు స్థిరపడింది తర్వాతే.

అపోహ: తెగింపు పాట కదా, ఇష్టమొచ్చినట్టు వాయిస్తేనే ఊపొస్తుంది.

వాస్తవం: నా దగ్గరికొచ్చే ప్రతి బ్యాచ్‌దీ ఇదే మాట. ఒకప్పుడు మాదీ అదే. కాలేజీ ఫెస్ట్‌లో జనం అరుపులకి మేం ఊగిపోయి వేగం పెంచాం. రెండో చరణానికల్లా డ్రమ్మర్ ఒక దారి, నేనొక దారి. పాట మధ్యలోనే ఆగిపోయింది. ఇంటికెళ్లి రికార్డు మళ్లీ వింటే అర్థమైంది: డ్రమ్ము ఎక్కడా తొణకదు. చరణంలో గిటార్ చాలావరకు 'E' అనే ఒక్క కార్డ్‌నే (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుని ఉంటుంది. కుడిచేతి అంచుతో తీగల్ని ఆపుతూ వదులుతూ ఉంటేనే ఆ ఇంజన్ గుర్రు వస్తుంది. చెయ్యి కాస్త బిగిసినా పోతుంది.

అందుకే మా క్లాసులో టిక్కుటిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్‌ని ముందు నిమిషానికి 90 దెబ్బల దగ్గర పెడతాను. గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ లేకుండా, ఒక్క చరణం, తప్పు లేకుండా పదిసార్లు. ఆ తర్వాతే డిస్టార్షన్ పెడల్ తొక్కనిస్తాను.