సెర్చ్ ప్రకటనలతో వచ్చే సంబంధం లేని కాల్స్: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని చిన్న వ్యాపారాలకు గూగుల్ సెర్చ్ ప్రకటనలు నిర్వహించడం నా వృత్తి. దర్గామిట్టలో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు యజమాని అయినా, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి అయినా, ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు అమ్మే డీలరు అయినా మొదటి నెలలో చెప్పే మాట ఒక్కటే: "ఫోన్ మోగుతూనే ఉంది గానీ బేరం ఒక్కటీ తగల్లేదు." ఆ మాటలో అబద్ధం లేదు. అయితే అలా జరగడానికి వారు ఊహించుకునే కారణాలే చాలావరకు సరైనవి కావు. పనికిరాని కాల్స్‌లో ఎక్కువ భాగం ఫోన్ మోగకముందే, ప్రకటన సెట్టింగుల దగ్గరే ఖాయమైపోతాయి.

అపోహ: మనం ఇచ్చిన పదాలను వెతికినవారికే మన ప్రకటన కనిపిస్తుంది.

వాస్తవం: ప్రకటన ఏ వెతుకులాటలకు కనిపించాలో చెప్పేందుకు మనం ఇచ్చే పదమే కీవర్డ్. దాన్ని బ్రాడ్ మ్యాచ్ అనే పద్ధతిలో వదిలేస్తే, ఆ పదానికి ఏదో విధంగా సంబంధం ఉందని గూగుల్ భావించిన వెతుకులాటలన్నింటికీ ప్రకటన వెళుతుంది. కీవర్డ్ చుట్టూ కొటేషన్లు, బ్రాకెట్లు వంటి ఏ గుర్తూ పెట్టకుండా ఇస్తే అది బ్రాడ్ మ్యాచ్‌గానే లెక్క కాబట్టి, సొంతంగా ప్రకటన పెట్టుకున్నవారిలో చాలామందికి తాము దాన్ని ఎంచుకున్నామన్న సంగతి కూడా తెలియదు. "ఏరియేటర్" అనే ఒక్క పదం ఇచ్చిన డీలరు సంగతి చూడండి. ఆయన దృష్టిలో ఏరియేటర్ అంటే వెనామీ రొయ్యల గుంటలో నీటిని చిలుకుతూ తిరిగే ప్యాడిల్ వీల్ చక్రం, అందులో ఒకటో రెండో హెచ్‌పీ మోటారు. కానీ వంటింటి కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ బిళ్లను కూడా ఏరియేటర్ అనే అంటారు, ఇంట్లో చేపల తొట్టెకు గాలి పంపే చిన్న పంపునూ అదే పేరుతో వెతుకుతారు. అందువల్ల "అన్నా, మా సింకు కుళాయికి సరిపోయే సైజు ఉందా?" అని అడిగే కాల్ ఆయనకు వచ్చిందంటే, తప్పు ఆ గృహిణిదీ కాదు, గూగుల్‌దీ కాదు.

చీమకుర్తి వారిది ఇంకో చిత్రం. అక్కడి రాయికి ప్రపంచమంతటా ఉన్న పేరు బ్లాక్ గెలాక్సీ. ఆ రెండు పదాలను మాత్రమే కీవర్డ్‌గా ఇచ్చి ఊరుకుంటే, నల్ల రంగు గెలాక్సీ ఫోన్ ధర వెతికేవారి ముందుకూ గ్రానైట్ ప్రకటన వెళ్లే అవకాశం ఉంటుంది. పదం పక్కన గ్రానైట్, శ్లాబ్, బ్లాక్ (రాతి దిమ్మ), ఎగుమతి వంటి మాట చేర్చి, ఫ్రేజ్ మ్యాచ్‌లో (మన మాటల అర్థం ఉన్న వెతుకులాటలకే) గానీ ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో (పేరుకు అచ్చంగా ఆ మాటలకే) గానీ పెట్టడం తప్పనిసరి.

ఎగ్జాక్ట్ మ్యాచ్ కూడా ఇప్పుడు పేరుకు తగినంత ఖచ్చితమైనది కాదు. 2018 నుంచి అదే అర్థం ఇచ్చే వేరే మాటలకూ అది వర్తిస్తోంది. 2021లో బ్రాడ్ మ్యాచ్ మాడిఫైయర్‌ను (పదాల ముందు ప్లస్ గుర్తు పెట్టి బ్రాడ్ మ్యాచ్‌ను కట్టడి చేసే పద్ధతి) తీసేసి దాని పనిని ఫ్రేజ్ మ్యాచ్‌లో కలిపేశారు కాబట్టి, అంతకుముందు నేర్చుకున్న లెక్కలతో ఇప్పటికీ నడిపేవారికి కాల్స్ ఎందుకు చెదిరిపోతున్నాయో అర్థం కాదు. అసలు జనం ఏ మాటలతో వెతికి మన దగ్గరికి వచ్చారో తెలియాలంటే ప్రకటన ఖాతాలో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవాలి. తగినంత మంది వెతకని మాటలను 2020 నుంచి ఆ రిపోర్టులో చూపించడం మానేశారు. అందుకే కాల్ చేసిన ప్రతివారినీ "ఏమని వెతికితే మా నెంబరు వచ్చిందండీ?" అని అడిగి పుస్తకంలో రాసి పెట్టుకోమని నేను షాపువాళ్లకు చెబుతాను. రిపోర్టు దాచిన మాటలు కొన్ని ఆ పుస్తకంలో బయటపడతాయి.

అపోహ: ఒక నెగెటివ్ కీవర్డ్ పెడితే ఆ తరహా కాల్స్ అన్నీ ఆగిపోతాయి.

వాస్తవం: ఫలానా మాట వెతికితే మన ప్రకటన చూపించవద్దని చెప్పేదే నెగెటివ్ కీవర్డ్. మామూలు కీవర్డ్‌ల విషయంలో ఇంత ఉదారంగా ఉండే వ్యవస్థ, నెగెటివ్ కీవర్డ్‌ల విషయంలో మాత్రం మనం రాసిన మాటకే కట్టుబడి ఉంటుంది. పర్యాయపదాలను అది పట్టించుకోదు. ఏకవచనం ఇస్తే బహువచనం ఆగదు. "జాబ్" అని ఆపి "జాబ్స్"ను వదిలేస్తే ఉద్యోగాల కోసం వెతికేవారు వస్తూనే ఉంటారు. వేకెన్సీ, శాలరీ, ట్రైనింగ్, కోర్సు, సెకండ్ హ్యాండ్ వంటివన్నీ విడివిడిగా చేర్చాల్సిందే.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. జనం ఇంగ్లీషులో వెతుకుతారు, తెలుగు లిపిలో వెతుకుతారు, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, ఫోన్‌కు నోటితో చెప్పి కూడా వెతుకుతారు. ఇంగ్లీషులో జాబ్‌ను ఆపినంత మాత్రాన "ఉద్యోగం" ఆగదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన "ఉద్యోగాలు", "పని కావాలి" అసలే ఆగవు. ప్రతి మాటనూ ఈ మూడు రాత రూపాల్లోనూ చేర్చడం విసుగు పుట్టించే పనే గానీ, నా అనుభవంలో ఇంతకంటే ఫలితమిచ్చిన పని మరొకటి లేదు.

అదే ఊపులో "ధర", "రేటు" వంటి మాటలను కూడా నెగెటివ్‌లో వేసేస్తుంటారు, ధర అడిగేవారు ఊరికే అడిగి పెట్టేస్తారని వారి అభిప్రాయం. దీనితో నేను ఏకీభవించను. ధర అడగకుండా కొనేవారు నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ నాకు ఇంతవరకు కనబడలేదు.

అపోహ: లొకేషన్ నెల్లూరు అని పెడితే నెల్లూరులో ఉన్నవారే కాల్ చేస్తారు.

వాస్తవం: లొకేషన్ సెట్టింగులో మనం మార్చకపోతే, ఆ ఊళ్లో ఉన్నవారితో పాటు ఆ ఊరిపట్ల ఆసక్తి చూపినవారికీ ప్రకటన వెళుతుంది. హైదరాబాదులో కూర్చుని నెల్లూరు గురించి వెతికినవారు కూడా ఆ లెక్కలోకే వస్తారు. దీన్ని వెంటనే మార్చేయమనే సలహా చాలాచోట్ల వినబడుతుంది గానీ, నేను వ్యాపారాన్ని బట్టి నిర్ణయిస్తాను. ఫ్రిజ్ మరమ్మతు షాపుకు దూరాన ఉన్న కొడుకులూ కూతుళ్లూ మంచి ఖాతాదారులు. వేదాయపాళెంలో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి మనిషిని పంపమని బెంగళూరు నుంచి ఫోన్ చేసేవారు బేరం ఆడకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పంపేస్తారు. పక్కింటి మనుషులే వచ్చి తీరాల్సిన ట్యూషన్ సెంటరుకు, క్యారియర్ భోజనాలు పంపేవారికి మాత్రం ఊళ్లో ఉన్నవారికే పరిమితం చేయడం మేలు.

అపోహ: పనికిరాని కాల్ వస్తే దాని డబ్బు గూగుల్ వెనక్కి ఇస్తుంది.

వాస్తవం: ఇవ్వదు. యంత్రాలతోనో, మోసపూరితంగానో జరిగిన క్లిక్కులను చెల్లనివిగా గుర్తించి లెక్కలోంచి తీసేస్తుంది గానీ, నిజమైన మనిషి పొరపాటున మన నెంబరు నొక్కడం ఆ కోవలోకి రాదు. ప్రకటనలోని కాల్ బటన్‌ను నొక్కగానే ఖర్చు పడుతుంది. ఆ తర్వాత అవతలి మనిషి డయల్ చేయకుండా వెనక్కి వెళ్లినా, మనం ఎత్తకపోయినా ఆ ఖర్చు మారదు.

అన్ని పిచ్చి కాల్స్‌కూ ప్రకటనే కారణమనుకోవడం కూడా సరికాదు. మ్యాప్స్‌లో ఉన్న మన ఉచిత బిజినెస్ ప్రొఫైల్ చూసి చేసే కాల్స్ వేరు. "మీ వెబ్‌సైట్‌ను మొదటి స్థానంలోకి తెస్తాం" అంటూ రోజూ చేసేవారు చాలావరకు అక్కడి నుంచే నెంబరు తీసుకుంటారు. వారి మీద అవాంఛిత కాల్స్‌పై ఫిర్యాదులు తీసుకునే 1909కు ఫిర్యాదు చేయాలి, ప్రకటనలో ఏం మార్చినా వారు ఆగరు. ప్రకటనకు వేరే సిమ్ కేటాయించి, ఆ నెంబరును మరెక్కడా ఇవ్వకుండా ఉంచితే ఏ కాల్ ఎటునుంచి వస్తోందో తేలిగ్గా తెలిసిపోతుంది.

అపోహ: కాల్స్ ఎంత ఎక్కువ వస్తే ప్రకటన అంత బాగా పనిచేస్తున్నట్టు.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఆటోమేటిక్ బిడ్డింగ్ వాడేటప్పుడు, అంటే ఒక్కో క్లిక్కుకు ఎంత బిడ్ (పాట) పెట్టాలో గూగుల్‌కే వదిలేసినప్పుడు, మనం దేన్ని ఫలితంగా లెక్కిస్తున్నామో అలాంటివారినే గూగుల్ ఇంకా ఎక్కువగా తీసుకొస్తుంది. కాల్ బటన్ నొక్కిన ప్రతివారినీ ఫలితంగా లెక్కవేస్తే, కుళాయి బిళ్ల కోసం అడిగి పెట్టేసినవారూ లెక్కలో చేరతారు. తర్వాత వారంలో అలాంటివారే మరింత మంది వస్తారు. ప్రకటన ద్వారా వచ్చిన కాల్‌ను ఎన్ని సెకన్లు దాటితే ఫలితంగా లెక్కించాలో మనమే నిర్ణయించవచ్చు. మామూలుగా అది 60 సెకన్లు ఉంటుంది. "మీది కంపెనీ సర్వీస్ సెంటరేనా?" అని అడిగేవారికి మన కుర్రాడు ఓపికగా రెండు నిమిషాలు వివరిస్తే, అదీ మంచి కాల్‌గానే నమోదవుతుంది. అందుకే ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: "అన్నా, మాది కంపెనీది కాదు, సొంత షాపు. వారంటీ ఉంటే బిల్లు మీద ఉన్న నెంబరుకు చేయండి, దాటిపోయి ఉంటే మా మనిషి వస్తాడు." ఇంతకు పది సెకన్లు చాలు. కంపెనీ మనుషులమేనన్నట్టు నటించి బేరం లాక్కోవడం తాత్కాలికంగా లాభంగా కనిపించవచ్చు గానీ, నకిలీ కస్టమర్ కేర్ నెంబర్లతో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేవారు ఎందరో ఉన్న ఈ రోజుల్లో అది షాపు పేరుకే ముప్పు. "కంపెనీ అధీకృత కేంద్రం కాదు" అన్న మాటను ప్రకటనలోనే రాస్తే సగం మంది అసలు నొక్కరు.

అపోహ: రాత్రిపూట వచ్చే కాల్స్ అన్నీ వృథానే.

వాస్తవం: షాపు మూసిన తర్వాత కాల్ బటన్ కనబడకుండా సమయాలు పెట్టుకోవచ్చు, చాలా వ్యాపారాలకు అదే మంచిది. రొయ్యల గుంటల వారికి మాత్రం ఈ సూత్రం తలకిందులవుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామునే అతి తక్కువకు పడిపోతుంది. ఏరియేటర్ మోటారు కాలిపోయిందంటే రైతు తెల్లవారే వరకు ఆగలేడు. కొత్త ఏరియేటర్లు మాత్రమే అమ్మే డీలరు రాత్రి పదింటికి ప్రకటన ఆపేసుకోవచ్చు గానీ, మోటార్లు బాగుచేసే మెకానిక్ మూడింటికి కూడా ఫోన్ ఎత్తగలిగితే ఆ గంటల్లోనే బిడ్ పెంచుకోవాలి. ఎత్తలేనివారు ఆ సమయంలో ప్రకటనను ఆపేయాలి, ఎందుకంటే ఎత్తని కాల్‌కు కూడా డబ్బు కట్టేది వారే.