ఇంగ్లండ్ కులీన బిరుదులు ఇంటిపేర్లు మారే తీరు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్ వంశావళులను, వారసత్వ వివాదాలపై వెలువడిన పాత తీర్పులను పరిశీలించడం నా వృత్తి. ఈ పనిలో నేను చూసిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఒక్కటే: బిరుదును పొలంలాగా, మేడలాగా యజమాని చేతిలోని ఆస్తిగా భావించడం. బిరుదు ఎవరికి చేరాలన్నది అది పుట్టిన నాటి పద్ధతిని బట్టి నిర్ణయమవుతుంది. దానిని ధరించేవారు ఆ క్రమాన్ని మార్చలేరు.

అపోహ: కొడుకులు లేకపోతే బిరుదు అంతరిస్తుంది.

వాస్తవం: రాజముద్ర వేసిన పత్రంతో ఇచ్చిన ఎర్ల్, డ్యూక్ బిరుదులు సాధారణంగా పురుష సంతతికే పరిమితం కనుక, కొడుకులు లేకున్నా తమ్ముడి వంటి మగ వారసుడికి వెళ్తాయి; ఆ వంశంలో మగవారెవరూ మిగలనప్పుడే అంతరిస్తాయి. అయితే మధ్యయుగంలో పార్లమెంటుకు రమ్మని రాజు పేరున అందిన పిలుపుతో పుట్టిన బ్యారన్ బిరుదులు, కొడుకులు లేనప్పుడు కూతురికి, ఆమె ద్వారా ఆమె పిల్లలకు చెందుతాయి. బిరుదు వేరే ఇంటిపేరులోకి వెళ్లే ప్రధాన మార్గం ఇదే.

1264 నాటి పిలుపుతో లెక్కించే డి రోస్ బిరుదు చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ. ఎడ్మండ్ డి రోస్ 1508లో సంతానం లేకుండా మరణించాక, అది ఆయన సోదరి ఎలినార్ కుమారుడైన జార్జ్ మ్యానర్స్‌కు చేరింది. జార్జ్ కుమారుడు థామస్ 1525లో రట్లండ్ ఎర్ల్ కూడా కావడంతో రెండు బిరుదులూ ఒకే ఇంట్లో చేరాయి. మూడవ ఎర్ల్ ఎడ్వర్డ్ 1587లో మరణించినప్పుడు ఆయనకు ఉన్నది ఒక్క కూతురే. ఎర్ల్ బిరుదు తమ్ముడికి వెళ్లింది; డి రోస్ బిరుదు కూతురు ఎలిజబెత్‌కు, ఆమె ద్వారా సిసిల్ వంశానికి వెళ్లింది. ఒకే మరణం, ఇద్దరు వారసులు! ఎలిజబెత్ కుమారుడు 1618లో నిస్సంతుగా పోవడంతో బిరుదు తిరిగి మ్యానర్స్ ఇంటికి వచ్చి, ఆపైన మరో కూతురు కేథరిన్ ద్వారా విలియర్స్ వంశానికి చేరింది.

అపోహ: కూతుళ్లు పలువురుంటే పెద్దామెకు దక్కుతుంది.

వాస్తవం: ఈ బ్యారన్ బిరుదుల విషయంలో అక్కచెల్లెళ్లందరూ సమాన హక్కుదారులు. బిరుదును ముక్కలు చేయడం కుదరదు కనుక అది ఎవరికీ చెందకుండా నిలిచిపోతుంది. న్యాయవాదులు దీనిని అబేయన్స్ అంటారు. శాఖలన్నీ అంతరించి ఒక్క వారసుడే మిగలాలి, లేదా రాజు ఒకరిని ఎంపిక చేయాలి. 1687లో నిలిచిపోయిన డి రోస్ బిరుదును 1806లో షార్లెట్ ఫిట్జ్‌జెరాల్డ్‌కు ఇచ్చారు. 1496లో నిలిచిపోయిన గ్రే ఆఫ్ కాడ్నర్ బిరుదుకు 1989లో గాని వారసుడు తేలలేదు. దాదాపు ఐదు శతాబ్దాలపాటు ఆడపడుచుల సంతతి వివరాలను భద్రపరచిన ఆ పత్రాలంటే నాకు అపారమైన గౌరవం.

అపోహ: బిరుదును కొనవచ్చు, వీలునామాలో రాసి ఇవ్వవచ్చు.

వాస్తవం: రెండూ కుదరవు. వారిక్ కోటను 1978లో అమ్మివేసినా, వారిక్ ఎర్ల్ బిరుదు ఆ కుటుంబంలోనే ఉంది. అమ్మకానికి పెట్టే 'లార్డ్ ఆఫ్ ద మేనర్' అన్నది పాత భూస్వామ్య హక్కు మాత్రమే, కులీన బిరుదు కాదు. ఈ తేడా తెలియక ఎవరూ డబ్బు పోగొట్టుకోకూడదు. 1963 చట్టం కింద వారసుడు బిరుదును వదులుకోవచ్చు, అయితే అది ఆయన జీవితకాలానికే వర్తిస్తుంది. మరణానంతరం తరువాతి వారసుడికి చేరుతుంది.

అపోహ: దత్తపుత్రుడు వారసుడవుతాడు.

వాస్తవం: మన జమీందారీలలో దత్తత ద్వారా వంశం నిలిచిన ఉదంతాలు తెలిసినవారికి ఇది సహజంగానే తోస్తుంది, కానీ ఇంగ్లండ్ బిరుదులకు రక్తసంబంధం తప్పనిసరి.

అపోహ: భారతీయ వివాహం వల్ల కలిగిన సంతానానికి ఇంగ్లండ్ బిరుదు దక్కదు.

వాస్తవం: 1919లో బ్యారన్ అయిన సత్యేంద్ర ప్రసన్న సిన్హా 1928లో మరణించారు. బహుభార్యత్వాన్ని అనుమతించే చట్టం కింద జరిగిన హిందూ వివాహం బిరుదు వారసత్వానికి చెల్లుతుందా అన్న ప్రశ్న ప్రభువుల సభ ముందుకు వచ్చింది. 1939లో సభ కమిటీ ఆయన కుమారుడి హక్కును అంగీకరించింది.