నాలుగు వేళ్ల లోతున వేడి

తెరచాప పడవలో ఒడిశా తీరంలోని గోపాలపూర్ నుంచి దక్షిణానికి వెళ్లేవారు చీకటి పడ్డాక బయలుదేరడం మేలంటారు, అది ప్రమాదం కాదా అని బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. చేపల వలలు కనబడవు, కాబట్టి ప్రమాదమే. అయినా రాత్రి దొరికే గాలి పగలు దొరకదు.

పగలు గాలి సముద్రం నుంచి నేలకు, రాత్రి నేల నుంచి సముద్రానికి వీస్తుందని బడిలోనే చదివాం. నీరు నెమ్మదిగా చల్లారుతుందని చెప్పి పాఠం ముగిస్తారు. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఆ తరువాతే మొదలవుతుంది.

డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిదింటికి గోపాలపూర్ ఒడ్డున పొడి ఇసుకలో చేయి దూర్చాను. పైన చల్లగా తగిలింది. నాలుగు వేళ్ల లోతున ఇంకా గోరువెచ్చగా ఉంది!

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌల్స్ కావాలి, ఇసుకకు 0.8 చాలు. అంటే ఐదు రెట్లు. కానీ ఇసుక నీటికన్నా బరువు. చెంబుకు చెంబు పోలిస్తే తేడా మూడు రెట్ల పైచిలుకే. రాత్రంతా సముద్రం డిగ్రీ కూడా చల్లబడకపోవడానికి ఈ మూడు రెట్లు ఏ మూలకు? రహస్యం లోతులో ఉంది. ఇసుకలో వేడి రేణువు నుంచి రేణువుకు పాకాలి. పొడి ఇసుక ఉష్ణ వ్యాపనం, అంటే వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పే కొలత, సెకనుకు సుమారు 0.24 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని రెట్టించి, పగలూ రాత్రీ మారే లయను నిర్ణయించే భూభ్రమణ కోణీయ వేగంతో (సెకనుకు 0.000073 రేడియన్లు) భాగించి, వర్గమూలం తీస్తే 8 సెంటీమీటర్లు వస్తుంది. ఆ లోతున పగలూ రాత్రీ తేడా మూడో వంతుకు పడిపోతుంది. రాత్రి ఆకాశానికి పోయే వేడినంతా ఆ పలుచని పొరే ఇచ్చుకోవాలి. సముద్రంలో చల్లబడిన పైనీరు బరువెక్కి మునుగుతుంది, వెచ్చని నీరు పైకి వస్తుంది, అలలు కలియబెడతాయి. అదే నష్టాన్ని అక్కడ మీటర్ల మందం నీరు పంచుకుంటుంది.

చల్లారిన నేలమీది గాలి బరువెక్కి సముద్రం వైపు జారుతుంది. తూర్పు కనుమల్లోని 1501 మీటర్ల మహేంద్రగిరి వాలుల నుంచి దిగే చల్లగాలి దానికి తోడవుతుంది. రాత్రి ఒడ్డున కూర్చుంటే గాలి సోకుతుందని పిల్లల్ని భయపెట్టేవారికి ఈ లెక్క చెప్పాలి. నోలియాలని ఒడిశాలో పిలిచే మన వాడబలిజ మత్స్యకారులు తరతరాలుగా ఆ గాలితోనే వేకువన వేటకు వెళ్లి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో తిరిగి వచ్చేవారు.

ఇక్కడి తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కనుక నేలగాలి పడవకు సరిగ్గా పక్క నుంచి తగులుతుంది. తెరచాపకు అంతకన్నా ఏం కావాలి? అల పెరగడానికి గాలి నీటిమీద చాలా దూరం నడవాలి, ఒడ్డు దగ్గర ఆ దూరం ఉండదు. అందుకే నీరు నునుపుగా ఉంటుంది. గంటకు 4 నాటికల్ మైళ్ల (సుమారు 7.4 కిలోమీటర్ల) చొప్పున ఏడు గంటల్లో 50 కిలోమీటర్ల పైన ఉన్న శ్రీకాకుళం జిల్లా బారువ వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీర ప్రవాహమూ దక్షిణానికే మోస్తుంది.

పొద్దెక్కాక గాలి ఆగిపోయి తెరచాప వాలిపోతుంది. ఒడ్డున ఇసుక పైపొర అప్పుడే వేడెక్కుతూ ఉంటుంది.